మా నాయిన ఎలక్షన్ ముచ్చటే ఎత్తుతలేడు, మిల్లు బస్తీలోళ్లకు రాజకీయమంటే ఎందుకింత విరక్తి?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. మీ నాయిన మిల్లుల పనిచేసినన్ని రోజులు ఎర్రజెండా పట్టుకుని తిరిగిండని, తెలంగాణ ఉద్యమంల రోడ్డు మీద వంటావార్పు కాడ కూర్చున్నడని, ఇప్పుడేమో ఎలక్షన్ ముచ్చట వస్తె టీవీ బంద్ చేస్తున్నడని, "ఎవడొస్తె మనకేంది" అని ఒక్కటే మాట అంటున్నడని, బస్తీ మొత్తం గట్లనే ఉందని రాసినవ్. ఆఖరుకు అడిగినవ్ చూడు, మావోళ్లు పైసలకు అమ్ముడు పోయిండ్రా లేక అలసిపోయిండ్రా అని, దానికి నాకు తెలిసినకాడికి చెప్త. జెర పెద్దగనే అయితది.

నేను పుట్టి పెరిగింది వరంగల్ల కరీమాబాద్ దిక్కు. మా నాయిన కూడా మిల్లు కార్మికుడే, ఏ మిల్లు అనేది ఇక్కడ ఎందుకులే. నేను 1988 నుంచి యూనియన్ ఆఫీసుల దరఖాస్తులు రాసే పనిల ఉన్న, లేబర్ కోర్టు కాగితాలు, గ్రాట్యుటీ కేసులు, తర్వాత కొన్నేండ్లు గోదావరిఖని, మంచిర్యాల దిక్కు కూడా తిరిగిన, ఇప్పుడు రిటైర్ అయినోళ్లకు పీఎఫ్ పింఛన్ కాగితాలు నింపి పెడుత. అంటే ఈ ముప్పై అయిదేండ్లు నా ముందర కూర్చున్నోళ్లంతా మీ నాయిన అసుంటోళ్లే.

ముందుగాల ఆ అమ్ముడు పోవుడు ముచ్చట తీసెయ్. 2021ల హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు టీవీల చూసే ఉంటవ్, మాకు పైసల కవర్లు ముట్టలేదని ఆడోళ్లు రోడ్డు మీద కూర్చున్నరు. దేశమంతా నవ్విండ్రు, ఓటర్లు ఇంత దిగజారిండ్రా అని. కానీ ఫలితం ఏమొచ్చింది? అధికారంల ఉన్న పార్టీ దళితబంధు పథకం అక్కడ్నే మొదలువెట్టింది, మంత్రులు ఊర్లల్ల మకాం వేసిండ్రు, అయినా వాళ్లకు ఎదురు నిలబడ్డ ఈటల రాజేందర్ 23 వేలకు పైగా మెజారిటీతోని గెలిచిండు. పైసలు తీసుకున్నరు, ఓటు వాళ్ల ఇష్టం ఉన్నోనికి వేసిండ్రు. మన దిక్కు ఇది కొత్త కాదు, 1984ల హన్మకొండల పీవీ నరసింహారావు అంతటోడినే ఓడగొట్టి బీజేపీ జంగారెడ్డిని గెలిపించిండ్రు, ఆ ఏడు దేశం మొత్తంల ఆ పార్టీకి వచ్చినవే రెండు సీట్లు. అసుంటి ఊరోళ్లను పట్టుకుని కవరుకు అమ్ముడు పోయిండ్రంటె నేను ఒప్పుకోను. నా ముందర కూర్చున్న ఒక ముసలాయన ఆ కవరు గురించి ఏమన్నడంటె, "మాకు రావాల్సిన బాకీల ఇది వడ్డీ కింద జమ చేసుకుంటున్న సారూ." ఆయనకు గ్రాట్యుటీ రావాల్సి ఉండె, రాలేదు.

మరి పోయింది ఏంది అంటె, నా లెక్కల పోయింది గేటు. కొంచెం ఇవరంగ చెప్త.

నీ వయసోళ్లకు గేటు మీటింగ్ అంటె తెల్వకపోవచ్చు. షిఫ్ట్ మారేటప్పుడు ఒక షిఫ్ట్ బయటికొస్తది, ఇంకో షిఫ్ట్ లోపలికి పోతది, ఆ నడిమిట్ల అరగంట గేటు ముందర గుంపు ఉంటది. లీడర్ ఒక స్టూలు మీదనో, చాయ్ హోటల్ బెంచీ మీదనో నిలబడుతడు. మా నాయిన నన్ను చిన్నప్పుడు సద్ది డబ్బా ఇచ్చుటానికి వచ్చినప్పుడు అక్కడ్నే నిలబెట్టెటోడు. ఒకరోజు నాకు బాగా యాదికున్నది, లీడర్ ఢిల్లీ గురించి, ప్రపంచం గురించి మస్తు గట్టిగ మాట్లాడుతున్నడు, ఎనుక నుంచి ఒక బదిలీ వర్కర్, అంటె పనికి రానోళ్ల జాగల చేసెటోడు, ఒళ్లంత దూది నూగు, చెయ్యి లేపి అడిగిండు, "అన్నా అది సరే, పోయిన నెల బదిలీ వాళ్లకు ఎన్ని మస్టర్లు ఇప్పిచ్చినవ్ అది చెప్పు". మస్టరంటె హాజరు పడ్డ రోజు. లీడర్ ఆగిండు. జేబులకెళ్లి నోట్‌బుక్ తీసిండు. పేర్లు చదివిండు, ఒకటి రెండు తప్పులుంటె గుంపు అక్కడ్నే సరిచేసింది. ఆయన చెప్పక తప్పదు, ఎందుకంటె రేపు పొద్దుగాల మల్ల గదే గేటుకు రావాలె, గదే బదిలీ వర్కర్ గక్కడ్నే నిలబడి ఉంటడు. ఎమ్మెల్యేకు పోటీ చేసెటోళ్లు కూడా ఆ గేటుకే వచ్చెటోళ్లు, వాళ్లను కూడా గట్లనే అడిగెటోళ్లు.

ఇప్పుడు ఆజంజాహి మిల్లు సంగతి చూడు. నిజాం కాలంల 1934ల పెట్టింది, 1974ల నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ కిందికి పోయింది, తొంభైలల్ల మూలకు పడ్డది. ఇప్పుడా భూములల్ల ఓ సిటీ కాలనీ ఉంది, ప్లాట్ల రేట్లు నీకే తెలుసు. పేపర్లల్ల రాసేటప్పుడు ఇంత మందికి ఉపాధి పోయింది అని రాస్తరు, అది నిజమే, కానీ ఉపాధితోని పాటు రోజుకు మూడుసార్లు కలిసే జాగ పోయింది, నోట్‌బుక్ తీపిచ్చే జాగ పోయింది. మిల్లుల పని పోయినోళ్లు ఒకాయన ఆటో నడిపిండు, ఒకాయన వాచ్‌మన్ అయిండు, ఒకాయన కొడుకు దగ్గరికి సూరత్ పోయిండు. ఎవరికి వాళ్లే అయిండ్రు. గవర్నమెంట్ లెక్కల కూడా వాళ్ల పేరు మారింది, నిన్నటిదాకా కార్మికుడు, ఇయ్యాల లబ్ధిదారుడు. కార్మికుడంటె నోరుంటది, లబ్ధిదారుడంటె లిస్టుల పేరుంటది, ఆ పేరు కొట్టేస్తరేమోనన్న భయం ఉంటది.

లిస్టు అన్న గనుక మా ఇంటి సంగతి చెప్త. మిల్లు బంద్ అయినంక మా నాయినోళ్లకు ఇండ్ల జాగలు ఇప్పిస్తమని ఒక లీడర్ వచ్చిండు, పార్టీ పేరు, మనిషి పేరు ఒద్దు, ఇప్పుడాయన లేడు కూడా. పేర్లు, టోకెన్ నంబర్లు, సర్వీసు ఏండ్లు రాసి ఇయ్యమన్నడు. ఆ దరఖాస్తు రాసింది నేనే, నా చేతి రాతే. 1999 ఎలక్షన్ అయిపోయింది, ఏం కాలే. 2004ల ఇంకో పార్టీ ఆయన వచ్చి లిస్టు ఇయ్యమంటె గదే లిస్టు జిరాక్స్ తీసి తేదీ మార్చి ఇచ్చిన. 2009ల మల్ల ఇచ్చిన, అప్పటికి అందుల పదకొండు పేర్ల మీద గీత కొట్టి "లేట్" అని రాయాల్సి వచ్చింది. 2014ల ఇచ్చేటప్పుడు మా నాయిన పేరు మీద కూడా గీత కొట్టిన. జిరాక్స్ మీద జిరాక్స్ తీసి తీసి అక్షరాలు కూడా మసకబారినయ్, దుకాణం పిలగాడు "అంకుల్ ఇది ఇంక రాదు, మల్ల టైప్ చేపిచ్చుకో" అన్నడు. నేను టైప్ చేపియ్యలే. 2018ల ఒకాయన వచ్చి అడిగితె బస్తీలోళ్లు లిస్టు ఇచ్చేది లేదన్నరు. లొల్లి చెయ్యలే, తిట్టలే, చాయ్ పోసిండ్రు, లిస్టు మాత్రం ఇయ్యలే. మీ నాయిన టీవీ బంద్ చేసుడు కూడా నాకు గసుంటిదే అనిపిస్తుంది.

ఇంక తెలంగాణ ముచ్చట, దీని గురించి చాలామంది మొహమాటపడి మాట్లాడరు కానీ అసలు దెబ్బ తగిలింది గక్కడ్నే. 2011ల సకల జనుల సమ్మె సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు నడిచింది, అందుల సింగరేణి కార్మికులు నెలకు పైగా జీతం ఒదులుకుని బాయి దిగలే. బస్తీలల్ల మూసేసిన మిల్లుల కార్మికులు, పని లేనోళ్లు, వాళ్లకాడ పైసలు లేవు కానీ రోజూ వచ్చి కూర్చున్నరు. ఎందుకంటె మన రాష్ట్రం వస్తె మన ఫ్యాక్టరీలు తెరుచుకుంటయన్నరు గనుక. అంతకుముందు ఎవలన్న మోసం చేస్తె పరాయోడు చేసిండు అనుకునెటోళ్లు, కోపం వచ్చేది, కోపం తోని రోడ్డెక్కెటోళ్లు. 2014 తర్వాత ఆ మాట అనే వీలు లేకపాయె. బోధన్ నిజాం షుగర్స్ చూడు, 1937 నాటిది, 2002ల ప్రైవేటోళ్ల చేతికి పోయింది, రాష్ట్రం వస్తె గవర్నమెంటే తీసుకుని నడుపుతదన్నరు, 2015 డిసెంబర్‌ల మొత్తానికే లేఆఫ్ పెట్టిండ్రు. సొంతోడు మాట తప్పితె మనిషి లొల్లి చెయ్యడు తమ్ముడూ, మూగపోతడు. ఇంట్ల అన్నదమ్ముల పంచాయితీల చూడలేదా, పరాయోని మీద కేసు వేస్తరు, అన్న మీద మాత్రం మాట్లాడుడు బంద్ చేస్తరు.

కానీ అందరూ మూగపోలే, ఇది కూడా చెప్పాలె. నిజామాబాద్‌ల 2019 పార్లమెంట్ ఎలక్షన్‌కు 178 మంది రైతులు పసుపు బోర్డు కావాలని నామినేషన్లు వేసి నిలబడ్డరు, మొత్తం అభ్యర్థులు 185, అన్ని పేర్లకు సరిపోయేటట్టు ఓటింగ్ మిషన్లు ఒకదాని పక్కన ఒకటి పేర్చాల్సి వచ్చింది, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బిడ్డ కవిత ఓడిపోయింది. పసుపు బోర్డు 2023ల ప్రకటించిండ్రు, 2025 జనవరిల మొదలువెట్టిండ్రు. ఆ రైతులకు మార్కెట్ యార్డు ఉంది, పసుపు అమ్ముటానికి పోతె కలుస్తరు, మాట్లాడుకుంటరు. మూసేసిన ఫ్యాక్టరీ కార్మికులకు అసుంటి జాగ లేదు, తేడా గదే.

మరి ఫ్యాక్టరీలు మల్ల తెరిస్తె అంతా సరైతదా అంటె, తెరిచినకాడ ఏమైందో చూడు. కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014 సెప్టెంబర్‌ల మూతపడ్డది, 2018ల జేకే పేపర్ తీసుకుంటె మల్ల నడిచింది. మిల్లు తెరుచుకున్నప్పుడు ఎమ్మెల్యే కోనప్ప, 2018ల గెలిచిండు కూడా, అదే కోనప్ప 2023ల ఓడిపోయిండు. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1999ల బంద్ అయింది, కొత్తది 2021ల ఉత్పత్తి మొదలుపెట్టింది, 2022 నవంబర్‌ల ప్రధాని వచ్చి జాతికి అంకితం చేసిండు. పాతది బొగ్గుతోని నడిచేది, ఇది గ్యాస్‌తోని నడుస్తది, పాతదానికి పట్టినంతమంది దీనికి అక్కరలేదు. గేటు కాడ ఉద్యోగాలిప్పిస్తమని దళారులు లక్షలు వసూలు చేసిన గొడవ అప్పట్ల పేపర్ల నిండ వచ్చింది. తండ్రి పర్మనెంట్‌గ చేసినకాడ కొడుకు కాంట్రాక్టుల చేరుటానికి అప్పు తెచ్చి లంచమిచ్చిండంటె, ఆ ఇంట్ల ఫ్యాక్టరీ తెరిచిండ్రన్న సంబురం ఎంతసేపు ఉంటది చెప్పు. గీసుకొండ కాడ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబర్‌ల పునాది రాయి పడ్డప్పుడు సూరత్, భీవండి, షోలాపూర్ పోయిన మనోళ్లంతా వాపస్ వస్తరన్నరు. ఇప్పుడక్కడ కంపెనీలు వచ్చినయ్, మన ఊర్ల ఆడపిల్లలు కుట్టుపనికి బస్సులల్ల పోతున్నరు, అది మంచిదే, కాదనను. కానీ సూరత్‌ల ముప్పై ఏండ్లు మగ్గాల మీద ఉన్న మా చిన్నబాపు కొడుకు వాపస్ రాలే, రాడు కూడా, ఇక్కడ వచ్చింది ఆయనకొచ్చిన పని కాదు.

సిరిసిల్ల ఇంకో తీరు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్‌తోని మరమగ్గాలు నడిచినయ్, అంతకుముందు ఆత్మహత్యల ఊరని పేరుపడ్డ కాడ జనం కొంచెం ఊపిరి తీసుకున్నరు, ఆ మాట అనకపోతె తప్పైతది. 2023 డిసెంబర్‌ల గవర్నమెంట్ మారంగనే ఆర్డర్ ఆగింది, బకాయిలు ఆగినయ్, సాంచెలు, అంటె ఆ మరమగ్గాలు, ఆగినయ్. ఇగ అక్కడి కార్మికుడు రాజకీయం ఏం మాట్లాడుతడు, ఓటు అడిగే చెయ్యి, ఆర్డర్ ఇచ్చే చెయ్యి ఒక్కటే అయితె?

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్న లెక్క. 2023 నవంబర్ అసెంబ్లీ ఎలక్షన్‌ల వరంగల్ పశ్చిమల పోలింగ్ 60 శాతం కూడా దాటలే. నెల తిరగకముందే డిసెంబర్ 27న సింగరేణిల గుర్తింపు సంఘం, అంటె కార్మికుల తరఫున మేనేజ్‌మెంట్‌తోని మాట్లాడే యూనియన్, ఎన్నికలు జరిగినయ్, 39 వేల చిల్లర ఓట్లు, అందుల 94 శాతం పోలైంది. పదేండ్లకు పైగా గుర్తింపుల ఉన్న సంఘాన్ని పక్కకు పెట్టి ఎర్రజెండా సంఘం ఏఐటీయూసీని గెలిపించిండ్రు. అవును, పోలింగ్ బూత్ పని కాడనే ఉంటది, అందుకే ఎక్కువ పడుతయంటరు, ఒప్పుకుంట. కానీ నేను గోదావరిఖనిల చూసిన, నైట్ షిఫ్ట్ చేసి కండ్లు ఎర్రగైనోళ్లు ఇంటికి పోకుండ లైన్ల నిలబడ్డరు. ఎందుకంటె గెలిచినోడు రేపు మస్టర్ కాడ దొరుకుతడు, క్వార్టర్ గురించో, సిక్ లీవ్ గురించో కాలర్ పట్టి అడగొచ్చు. గవే మనుషులు అసెంబ్లీ ఎలక్షన్ గురించి అడిగితె మీ నాయిన అన్నట్టే అంటరు. ఓటు మీద విరక్తి అయితె 94 శాతం ఎట్లొస్తది?

అయితె సింగరేణిల కూడా ఆ గేటు చిన్నగైతుంది. 1990ల మొదట్ల లక్షకు పైగా కార్మికులు, ఇప్పుడు 40 వేల దాకా. మిగిలిన పని ఓపెన్‌కాస్టులల్ల, కాంట్రాక్టోళ్లతోని. 2024ల లాభాల వాట పర్మనెంట్ కార్మికునికి సగటున లక్షా 90 వేలు వచ్చింది, కాంట్రాక్టు కార్మికునికి మొదటిసారి ఇచ్చింది 5 వేలు. ఒక్కటే బొగ్గు, ఒక్కటే దుమ్ము. వారసత్వ ఉద్యోగాలు 2016ల ఇస్తమన్నరు, ఇంటింట్ల మిఠాయిలు పంచుకున్నరు, 2017 మార్చిల హైకోర్టు కొట్టేసింది, ఆ తర్వాత మిగిలిన దారి మెడికల్ అన్‌ఫిట్. అంటె తండ్రి నా ఒళ్లు చెడిపోయింది, నేను పనికిరాను అని బోర్డు ముందర రుజువు చేసుకుంటె కొడుక్కు నౌకరి. నా కాడికి ఒకాయన వచ్చిండు, యాభై ఆరేండ్లు, గట్టి మనిషి, బోర్డు ఫిట్ అని రాసిందని నా ముందర ఏడ్చిండు. ఒంట్ల రోగం లేదని తెలిసి ఏడ్చిన మనిషిని నేను అప్పటిదాకా చూడలే. అటువంటి ఇంట్ల పిలగాడు పెరిగి రేపు ఏ పార్టీ మాట నమ్ముతడు అని నువ్వు నన్ను అడుగుతున్నవ్.

నువ్వు ఇంకోటి అడిగినవ్, మా నాయినతోని ఎట్ల మాట్లాడాలె అని. ముందుగాల ఏ పార్టీ మంచిది అనే వాదన బంద్ చెయ్. వాట్సాప్ వీడియోలు పంపుడు కూడా బంద్ చెయ్, నువ్వు హైదరాబాద్ నుంచి పంపిన వీడియో ఆయనకు ఇంకో ఉపన్యాసం, ఆయన ఇట్లాంటివి నీ కంటె ఎక్కువ విన్నడు. అలసిపోయిండు అని కూడా అనకు, నా ముందర కూర్చునే వాళ్లు ఒక్క స్పెల్లింగ్ తప్పు కోసం పీఎఫ్ ఆఫీసుకు ఎనిమిదిసార్లు తిరుగుతరు, అలసిపోయినోళ్లు తిరగరు. నూరు మందిని ఒక్కజాగ నిలబెట్టే గేటు లేదు గనుక ఒక్కొక్కలు ఒంటరిగ తిరుగుతున్నరు.

మీ నాయిన ఎన్నేండ్లు చేసిండో నువ్వు రాయలే. 1995 నవంబర్ తర్వాత కూడా సర్వీసుల ఉండి, మొత్తం పదేండ్లు నిండితె, 58 ఏండ్లు దాటినంక ఆయనకు ఈపీఎస్, అంటె పీఎఫ్ ఆఫీసు ఇచ్చే ఉద్యోగుల పింఛన్, రావాలె. మిల్లు బంద్ అయినప్పుడు పీఎఫ్ పైసలు తీసుకుని అంతే అయిపోయిందనుకున్నోళ్లు మస్తుమంది ఉన్నరు, పింఛన్ అనేది వేరే ఖాతా అని వాళ్లకు ఎవ్వలూ చెప్పలే. 2014 నుంచి కనీసం నెలకు వెయ్యి, చాలా తక్కువ, రాష్ట్ర గవర్నమెంట్ ఇచ్చే ఆసరా పింఛన్ 2,016ల సగం కూడా కాదు, అందుకే నాకు కోపం కూడా ఉంది, కానీ అది ఆయన చెమటది, ఎవ్వల దయ కాదు. ఫారం 10డీ నింపాలె, ఆధార్‌ల పేరు, మిల్లు రికార్డుల పేరు కలవాలె, కలవకపోతె జాయింట్ డిక్లరేషన్ పెట్టాలె, మిల్లు లేదు గనుక సంతకం ఎవలు పెడుతరు అనే తిప్పలు వస్తది, దానికి కూడా దారులున్నయ్, అక్కడిదాకా వచ్చినంక మల్ల రాయి, చెప్త.

ఈసారి ఇంటికి పోయినప్పుడు ఎలక్షన్ గురించి అడగకు. టోకెన్ నంబర్ ఎంత అని అడుగు, ఏ షిఫ్ట్, ఏ డిపార్ట్‌మెంట్, స్పిన్నింగా, వీవింగా, పని పురమాయించే జాబర్ ఎవరు ఉండె అని అడుగు. టోకెన్ నంబర్ మాత్రం ఎవ్వలూ మర్చిపోరు, మా నాయిన ఆఖరు రోజులల్ల మనవడి పేరు మర్చిపోయిండు కానీ నంబర్ అడిగితె టక్కున చెప్పెటోడు. తర్వాత పాత కాగితాలు తియ్యమను. స్కీమ్ సర్టిఫికెట్ అని ఒకటి ఉండాలె, దొరకకపోతె పీఎఫ్ చీటీ అన్న, పాత జీతం చీటీ అన్న సరే. బట్టల కింద, ట్రంకు పెట్టె అడుగున చూడు, మావోళ్లందరివి గక్కడ్నే దొరికినయ్.